తాళం వేయాల్సింది నా కారుకా, వాడి కొట్టుకా?

2022 ఫిబ్రవరిలో ఒక సోమవారం. తొమ్మిదింటికి క్లయింటుకి డెమో ఉంది. ఎనిమిదిన్నరకి కిందకి దిగి కారు స్టార్ట్ చేశాను. ప్రియస్ సంగతి మీకు తెలుసుగా, స్టార్టయ్యిందో లేదో డాష్‌బోర్డు చూసి తెలుసుకోవాలి, అంత నిశ్శబ్దంగా ఉంటుంది. అలాంటిది ఆ రోజు మా ఊళ్ళో వరికోత మిషన్ని స్టార్ట్ చేసినట్టు బర్రుమని అరిచింది. పక్క బిల్డింగు బాల్కనీలోంచి ఒకావిడ తొంగి చూసింది. ఇంజన్ పేలిపోయిందేమో అని భయపడి ఆపేసి, కింద పడుకుని చూస్తే పొగగొట్టం మధ్యలో ఒక ముక్క లేదు. రెండు వైపులా రంపంతో కోసిన చోట కొత్త ఇనుము తళతళా మెరిసిపోతోంది.

అలా పరిచయమైంది నాకు క్యాటలిటిక్ కన్వర్టర్. నేనూ ఇంజనీరింగే చదివానండోయ్. కానీ కారు కింద అలాంటి వస్తువొకటి ఉందనీ, అది పోతే ఇంత రామాయణం ఉంటుందనీ అప్పటిదాకా తెలీదు.

పోలీసులకి ఫోన్ చేస్తే ఆన్‌లైన్లో ఫారం నింపమన్నారు. నింపాను. ఒక నంబరొచ్చింది. వాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది అదొక్కటే. మెకానిక్కేమో కాలిఫోర్నియాలో ఏది పడితే అది బిగించడానికి లేదు, రాష్ట్రం ఆమోదించిన పార్టే వెయ్యాలి, మొత్తం 2,800 డాలర్లు, అదీ ఆరు వారాలు ఆగాలన్నాడు. నాకు కాంప్రిహెన్సివ్ ఇన్సూరెన్సు ఉంది కాబట్టి వెయ్యి డాలర్ల డిడక్టిబులూ, ఆరు వారాలు రూమ్మేట్ కార్లో లిఫ్టూ, వాడి పాటలూ భరించి బయటపడ్డాను.

డబ్బు పోయినందుకంటే ఎక్కువ మండింది ఆ తర్వాత వచ్చిన సలహాలకి. మన తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట పెట్టాను, అంతే. "లైటు కింద పార్క్ చెయ్యలేదా బ్రో?" "గరాజ్ ఉన్న అపార్టుమెంటు తీసుకోవాల్సింది." "షీల్డ్ వేయించలేదా అన్నా, అయ్యో!" "అసలు పాత ప్రియస్ ఎవరు కొనమన్నారు?" ఒక మహానుభావుడైతే పది చిట్కాల ఫార్వర్డ్ ఒకటి పంపాడు. చదివితే దొంగతనం చేసింది నేనేనేమో అనిపించింది. అర్ధరాత్రి మెరుపు వేగంతో రంపం ఆడించినవాడి గురించి ఒక్కళ్ళూ మాట్లాడలేదు. అంతకంటే విచిత్రం, ఆ ముక్కని పొద్దున్నే డబ్బులిచ్చి కొన్నవాడి గురించి ఎవ్వరికీ ఆలోచనే రాలేదు. నా గొడవంతా ఆ కొన్నవాడి గురించే.

ముందు, అందులో ఏముందో చూద్దాం. ఇంజన్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, పూర్తిగా కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు - ఈ మూడింటినీ పెద్దగా హాని చెయ్యని వాయువులుగా మార్చే డబ్బా అది. అమెరికాలో 1975 మోడల్ కార్ల నుంచీ వస్తోంది. లోపల తేనెపట్టులాంటి సిరామిక్ దిమ్మ, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. అన్నీ కలిపినా కొన్ని గ్రాములే. కానీ ఆ గ్రాముల ధర చూడండి. రోడియం 2016లో ఔన్సు 700 డాలర్ల లోపు దొరికింది. 2021 వసంతానికి దాదాపు 29,000 డాలర్లకి చేరింది. అప్పటి బంగారం ధరకి పదిహేను రెట్ల పైమాటే. 2022 మార్చిలో, ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలవ్వగానే, పల్లాడియం 3,000 దాటింది, ఎందుకంటే ప్రపంచంలో తవ్వే పల్లాడియంలో పెద్ద వాటా రష్యాది.

ఇప్పుడు దీని పక్కన ఇంకో అంకెల వరస పెట్టండి. అమెరికాలో ఇన్సూరెన్సు మోసాలనీ, వాహన దొంగతనాలనీ లెక్కగట్టే ఎన్.ఐ.సి.బి. అనే సంస్థ ఉంది. దాని లెక్క ప్రకారం కన్వర్టర్ దొంగతనాల క్లెయిములు 2018లో 1,298. 2019లో 3,389. 2020లో 14,433. 2021లో 52,206. 2022లో 64,701. ఇవి కేవలం క్లెయిము చేసినవాళ్ళ లెక్కలు. లయబిలిటీ ఇన్సూరెన్సు మాత్రమే ఉన్నవాడు దేన్ని క్లెయిము చేస్తాడు? వాడు ఈ లెక్కలోనే లేడు.

నాలుగేళ్ళలో అమెరికన్లందరూ ఒక్కసారిగా లైటు కింద కార్లు పెట్టడం మానేశారా? లేకపోతే దేశంలో దొంగలు యాభై రెట్లు పుట్టుకొచ్చారా? రెండూ కాదు. కొనేవాడు ఎక్కువ రేటు ఇచ్చాడు, కోసేవాడు కోశాడు. ప్రొడక్షన్లో ఎర్రర్ కౌంటు ఇలా ఎగిరితే మనం యూజర్‌ని తిడతామా, ఏ డిపెండెన్సీ మారిందో చూస్తామా?

సరే, నా కథకొస్తాను. సలహాలు విని నేనూ షీల్డ్ వేయించాను. బిగింపుతో సహా 350 డాలర్లు. విడిగా కొన్న కన్వర్టర్ మీద విన్ నంబర్ చెక్కించి, వేడిని తట్టుకునే ఎర్ర రంగు పూయించాను. రెండు నెలల తర్వాత ఒక పొద్దున్న చూస్తే షీల్డ్ మీద గీతలు. ఒక బోల్టు దగ్గర కాసేపు ప్రయత్నించి వదిలేసినట్టున్నారు. అబ్బ, 350 డాలర్లు గిట్టుబాటయ్యాయి అనుకుని, నిజం చెప్పొద్దూ, కాస్త మురిసిపోయాను కూడా.

ఆ మురిపెం పది నిమిషాలే. అవతల వరసలోంచి బర్రుమని అదే శబ్దం. మా అపార్టుమెంటులో కుళాయిలూ, హీటర్లూ బాగుచేసే మెయింటెనెన్స్ ఆయన ఉన్నాడు. మెక్సికో నుంచి వచ్చాడు, యాభై ఏళ్ళుంటాయి. సాయంత్రాలు బయట కూడా పనులు చేసుకుంటాడు. ఆయన సామానంతా పాత ఫోర్డ్ వ్యాన్లో ఉంటుంది. ఈ వ్యాన్లూ, పికప్ ట్రక్కులూ నేలకి ఎత్తుగా ఉంటాయి కాబట్టి దొంగకి జాకీ కూడా అక్కర్లేదు, కిందకి దూరితే చాలు. ఆయనకున్నది లయబిలిటీ ఒక్కటే. దిగి వచ్చి నా కారు కిందకి వంగి చూసి, "షీల్డ్ ఎంతయ్యింది?" అని అడిగాడు. చెప్పాను. తల ఊపి వెళ్ళిపోయాడు.

అప్పుడు వెలిగింది నాకు. నా షీల్డ్ దొంగతనాన్ని ఆపలేదు. నా దగ్గర్నుంచి లేపి ఆయన దగ్గరికి పంపింది. ఫార్వర్డ్‌లో ఉన్న పది చిట్కాలూ చేసే పని ఇదే. డబ్బున్నవాడి దగ్గర్నుంచి లేనివాడి దగ్గరికి, గరాజ్ ఉన్నవాడి దగ్గర్నుంచి రోడ్డు మీద పెట్టుకునేవాడి దగ్గరికి దొంగని రీడైరెక్ట్ చేస్తాయి. మొత్తం దొంగతనాల సంఖ్య అంతే ఉంటుంది. దీనికి మనం పెట్టుకున్న పేరు "రక్షణ".

ఇంకా ఉంది. ఆయన డబ్బుల్లేక మధ్యలో ఒక మామూలు గొట్టం వెల్డింగ్ చేయించుకున్నాడు. నాలుగు నెలలకి స్మాగ్ చెక్ వచ్చింది. కన్వర్టర్ లేని బండి స్మాగ్ చెక్ పాసవ్వదు. అది పాసవ్వకపోతే రిజిస్ట్రేషన్ రెన్యూ అవ్వదు. అంటే తన కన్వర్టర్ తన బండి కింద ఉందో లేదో వంగి చూసే ఇనస్పెక్టర్ని ప్రభుత్వం ఆయనకి కేటాయించింది. వేలకొద్దీ కన్వర్టర్లు గుట్టలు పోసుకున్నవాడి గోడౌన్లో అవి ఎక్కడివని అడిగేవాడు మాత్రం చాలాకాలం లేడు. ఇదెక్కడి న్యాయమండీ?

గోడౌన్ అంటే గాల్లో మాట కాదు. 2022 నవంబరులో అమెరికా న్యాయశాఖ ఐదు రాష్ట్రాల్లో 21 మంది మీద కేసులు ప్రకటించింది. కోరిన జప్తు 54.5 కోట్ల డాలర్ల పైమాటే. సాక్రమెంటోలో ఒక కుటుంబం దొంగ కన్వర్టర్లు కొని న్యూజెర్సీలోని డి.జి. ఆటో అనే సంస్థకి పంపింది. అలా పంపిన సరుకు విలువ 3.8 కోట్ల డాలర్లని అభియోగం. ఆ కుటుంబంలో ముగ్గురు 2024లో నేరం ఒప్పుకున్నారు. న్యూజెర్సీలో ఆ డబ్బాల్ని కోసి, లోపలి పొడి తీసి, లోహాల్ని శుద్ధి చేసే రిఫైనరీకి అమ్మారన్నది కేసు. అదే దాడుల్లో బయటపడ్డ ఇంకో సంగతి మనవాళ్ళకి ఆసక్తిగా ఉంటుంది. కొందరు కొనుగోలుదార్లు మొబైల్ యాప్‌లో ఏ మోడల్ కన్వర్టర్‌కి ఈరోజు రేటెంతో చూసుకుని, ఆన్‌లైన్లో డబ్బు కట్టేవాళ్ళట. అంటే మనం చీకట్లో రంపం పట్టుకున్న ఒక బికారిని ఊహించుకుంటున్నాం. అటువైపు రేట్ల పట్టికా, సప్లై చైనూ, చెల్లింపులూ అన్నీ ఉన్న పూర్తి వ్యాపారం నడుస్తోంది.

ఈ గొలుసు ఆకారం గమనించండి. కోసేవాళ్ళు వేలమంది. వాళ్ళ దగ్గర కొనేవాళ్ళు వందల్లో. వాళ్ళ దగ్గర పోగుచేసే పెద్ద వ్యాపారులు పదుల్లో. చివర్న ఆ పొడిని కరిగించి ప్లాటినం, పల్లాడియం, రోడియం విడదీయగల రిఫైనరీలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఎందుకంటే అది వంటింట్లో చేసే పని కాదు. కాపలా ఎక్కడ పెట్టాలి? కోట్ల కార్ల కింద ఒక్కోటీ 350 డాలర్ల రేకు బిగించాలా, గొట్టం సన్నబడ్డ చోట ఒక మనిషిని కూర్చోబెట్టాలా? క్లయింట్ సైడ్ వాలిడేషన్ని నమ్ముకుని సర్వర్ని గాలికొదిలేసిన కోడ్ ఎవరైనా రివ్యూకి పంపితే మనం ఏమంటాం? ఇక్కడ మాత్రం "బ్రౌజర్లో ఇంకో చెక్ పెట్టుకో బ్రో" అని ఫార్వర్డ్ చేస్తున్నాం.

ఇంకా ఒళ్ళు మండే విషయం చెప్తాను. డోరు, బానెట్, బంపర్, ఇంజన్, గేర్‌బాక్స్ - ఇలాంటి పార్టుల మీద విన్ నంబర్ ముద్ర వెయ్యాలని, దొంగల బెడద ఎక్కువున్న మోడళ్ళ కోసం అమెరికా 1984లోనే చట్టం చేసింది. బంపర్ మీద ఉంటుంది నంబరు. కారు మొత్తంలో ఎత్తుకెళ్ళడానికి అత్యంత తేలికైన, గ్రాముకి అత్యంత ఖరీదైన డబ్బా మాత్రం ఆ జాబితాలో చేరలేదు. అందుకే రాత్రి నలుగుర్ని పది కన్వర్టర్లతో పోలీసులు పట్టుకున్నా, అవి ఎవరివో చెప్పలేక, ఫలానా బాధితుడిదని రుజువు చెయ్యలేక కేసు నీరుగారిపోతుంది. నంబరే ప్రైమరీ కీ. అది లేని టేబుల్లో ఏ జాయిన్ రాస్తారు? ఈ లోటు పూడ్చడానికి పార్ట్ యాక్ట్ అనే బిల్లు 2022లో పెట్టారు. ఆ కాంగ్రెస్ కాలం ముగిసేలోగా అది చట్టం కాలేదు. 2023లో కొత్త కాంగ్రెస్‌లో మళ్ళీ పెట్టారు. అప్పుడూ అంతే.

కాలిఫోర్నియా మాత్రం కదిలింది. 2023 జనవరి 1 నుంచి వాడిన కన్వర్టర్‌ని ఎవరి దగ్గర పడితే వాళ్ళ దగ్గర కొనడానికి వీల్లేదు. లైసెన్సున్న వ్యాపారులో, ఆ బండి తనదేనని కాగితం చూపించే ఓనరో అమ్మాలి. కొన్నవాడు బండి మోడల్, సంవత్సరం, విన్ నంబర్ రాసుకోవాలి. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టే అయినా, మొరిగింది సరైన గుమ్మం ముందు. కానీ సాక్రమెంటోలో కోసిన సరుకు న్యూజెర్సీకి పోయిందని ఇప్పుడే చూశాం కదా, రాష్ట్రానికో చట్టంతో సరిపోదు.

ఇక నాకు ఎదురయ్యే ప్రశ్నలు.

"దొంగలకి శిక్షలు పెంచితే సరి కదా?" పెంచండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ రెండు నిమిషాల్లో పని ముగించే దొంగని పట్టుకోవడమే గగనం. దొరకనివాడికి మూడేళ్ళయితే ఏంటి, ముప్ఫయ్యేళ్ళయితే ఏంటి? కొనేవాడికి అడ్రసుంది, బోర్డుంది, బ్యాంకు అకౌంటుంది.

"నంబరు వేస్తే గీకేస్తారు." గీకనివ్వండి. నంబరు గీకేసిన డబ్బా కొనడమే నేరం అని రాయండి. అప్పుడు గీకుడే సాక్ష్యం అవుతుంది. పొడి చేశాక మాత్రం ఏ నంబరూ మిగలదు, అందుకే తనిఖీ డబ్బా కోసే గోడౌన్ దగ్గరే జరగాలి.

"లోహాల ధరలు పడిపోయాయి, దొంగతనాలు తగ్గాయి, ఇంకా ఎందుకీ గొడవ?" అవును, 2023, 2024ల్లో రెండూ తగ్గాయి. నేను చెప్పేదానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తగ్గించింది మన షీల్డులు కాదు, రేటు. 2025లో ప్లాటినం మళ్ళీ బాగా లేచింది. ట్రాఫిక్ తగ్గింది కదా అని బగ్ క్లోజ్ చేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా :)

"ఎలక్ట్రిక్ కారు కొనుక్కో." ఈ సలహా మెయింటెనెన్స్ ఆయనకి చెప్పి రండి.

అసలు నాకు ఇంత కడుపుమంట ఎందుకంటే, ఈ సినిమా నేను చిన్నప్పుడే చూశాను. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పొలాల్లో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి, నూనె నేలపాలు చేసి, లోపలి రాగి చుట్టలు ఎత్తుకెళ్ళేవాళ్ళు. రాగికి వచ్చేది కొన్ని వేలు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాకా ఎండిపోయేది ఊరి పైరు. అప్పుడూ సలహాలు రైతుకే. "కాపలా పడుకోండి" అన్నారు. మా నాన్న, పెదనాన్న వంతులేసుకుని చలికాలం చేలగట్ల మీద పడుకున్నారు. మా చేల దగ్గర కాపలా పెరిగితే దొంగలు పక్క ఊరికి పోయారు. ఆ రాగి కొన్న పాత ఇనప సామాన్ల కొట్టు టౌన్లో పట్టపగలు తెరిచే ఉండేది. దొంగసొత్తని తెలిసి తీసుకుంటే శిక్ష అని అప్పటి ఐపీసీ 411లో ఉంది. శిక్ష కూడా దొంగతనానికి ఎంతో దానికీ అంతే, మూడేళ్ళ దాకా. చట్టం ఇద్దర్నీ సమానంగా చూసింది, ఊరు మాత్రం దొంగ ఒక్కణ్ణే చూసింది. తర్వాత మన దేశంలోనూ మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లు గుజరాత్, మహారాష్ట్రల్లో మాయమవ్వడం మొదలైంది. లోపలున్నది అదే కన్వర్టర్. బండి మారింది, కథ అదే.

కాబట్టి నేను చెప్పేది ఇదీ. షీల్డ్ వేయించుకోండి, తప్పు లేదు. నేనూ తీసెయ్యలేదు. కాంప్రిహెన్సివ్ తీసుకోండి, విన్ నంబర్ చెక్కించండి. కానీ దాన్ని పరిష్కారం అని ఫార్వర్డ్ చెయ్యకండి, పోగొట్టుకున్నవాణ్ణి "లైటు కింద పెట్టలేదా" అని అడక్కండి. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. కార్ల కంపెనీల్ని అడగండి, బంపర్‌కి వేసే నంబరు దీనికి ఫ్యాక్టరీలోనే ఎందుకు వెయ్యరని. రిఫైనరీల్ని అడగండి, టన్నులకొద్దీ పొడి ఏ బండ్ల నుంచి వచ్చిందో కాగితం లేకుండా ఎందుకు తీసుకుంటారని. మనలో చాలామందిమి ఇన్సూరెన్సు కంపెనీలకీ, కార్ల కంపెనీలకీ కోడ్ రాసి బతుకుతున్నవాళ్ళమే. విన్ నంబర్ మీద ఎన్ని క్వెరీలు రాశామో లెక్కలేదు. ఇది సాధ్యం కాదు అని ఎవరైనా చెప్తే నమ్మడానికి మనకంటే తక్కువ అర్హత ఉన్నవాళ్ళు ఉండరు.

మీరుండే జిల్లాకి కాంగ్రెస్‌లో ఒక ప్రతినిధి ఉంటారు. హెచ్1బి మీద ఉన్నా సరే, ఓటు లేకపోయినా సరే, ఉత్తరం రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను రెండు పేరాలు రాసి పంపాను. గంట కూడా పట్టలేదు. షీల్డ్ బిగించడానికి అంతకంటే ఎక్కువసేపు పట్టింది.

మా మెయింటెనెన్స్ ఆయన చివరికి ఆ వ్యాన్ అమ్మేశాడు. ఇప్పుడు సామాను తన తమ్ముడి బండిలో వేసుకుని వస్తున్నాడు, తమ్ముడికి వీలున్న రోజుల్లో.